డాక్టరు ఇల్కా ఊఁ అన్నాడు

సరస్సు ఒడ్డున మా ముయిక్కలా ఊళ్లో డాక్టరు ఇల్కా కారకైనెన్ చేతి మందు మింగనివాళ్లు లేరు, ఆయన గొంతు సరిగ్గా విన్నవాళ్లూ లేరు. ముప్ఫయ్యేళ్ల నుంచీ మా ఊరి ఆరోగ్యకేంద్రానికి ఆయనే పెద్ద దిక్కు. దగ్గని వచ్చినా ఊఁ, కాలు విరిగి వచ్చినా ఊఁ, కవలలు పుట్టబోతున్నారని చెప్పాల్సి వచ్చినా ముందొక ఊఁ. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, కళ్లు సగం మూసి, కిటికీ అవతల సరస్సు వంక చూస్తూ "ఊఁ..." అనేవాడు. ఆ ఊఁ మంచికో చెడ్డకో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఆ తర్వాత కంప్యూటరు వైపు తిరిగి ఏదో కొట్టుకుని, "ఫలితాలొచ్చాక కబురు చేస్తాం" అనేవాడు. ఆయన పూర్తిగా పలికే వాక్యం అదొక్కటే.

అలాగని మంచి డాక్టరు కాదంటే మాత్రం నేనొప్పుకోను. హస్తవాసి గొప్పది. మంచు తుఫానులో స్నోమొబైల్ వేసుకుని వెళ్లి పురుడు పోసొచ్చిన మనిషి. పైగా మా వైపు మాట తక్కువైనవాణ్ని ఎవరూ తప్పుపట్టరు. ఇద్దరు మగవాళ్లు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే పడవలో కూర్చుని, చివరికి "చేపలు పడలేదు" అన్న ఒక్క ముక్క అనుకుని ఇంటికొచ్చారంటే, ఆ రోజు కబుర్లు బాగా సాగినట్టే లెక్క.

ఆ ఊఁ వల్ల నిండా మునిగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు రైమో.

రైమో బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. మా ఊళ్లో మాటలు వచ్చినవాడు అతనొక్కడే. మిగతా అందరి వాటా కూడా తెచ్చి అతని నోట్లోనే పోసినట్టున్నారు. ఎనిమిదేళ్ల కిందట దగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఇల్కా ముందు విన్నాడు, వెనక విన్నాడు, మళ్లీ ముందుకొచ్చి విన్నాడు. "ఊఁ..." అన్నాడు. ఎక్స్‌రే తీయించి, ఫలితాలొచ్చాక కబురు చేస్తాం అన్నాడు. రైమో వాళ్లన్న కూడా అలాంటి దగ్గుతోనే పోయాడు. ఇంకేముంది, రైమోకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి, తన అంత్యక్రియల్లో ఏ పాట పాడాలో చెప్పేశాడు. ఆ వారమే హెల్సింకీ నుంచి వేసవి కుటీరానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన అడిగితే, తండ్రి తన చేత్తో కట్టిన పడవని అమ్మేశాడు. పోయేవాడికి పడవెందుకని. తీరా కొన్నాళ్లకి కబురొచ్చింది. ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి, పాత జలుబు తాలూకు కఫం, అంతేనని. అప్పటికే పడవ ట్రెయిలరెక్కి హెల్సింకీ వెళ్లిపోయింది. తిరిగిమ్మని ఎంత బతిమాలినా ఆ పెద్దమనిషి ఇవ్వలేదు. పడవలో మట్టి పోసి, ఇంటి ముందు పెట్టుకుని, పూలమొక్కలు నాటాడట!

"ఆ రోజు నా ఛాతీలో నీకేం వినపడిందిరా?" అని రైమో ఎన్నిసార్లడిగాడో. ఇల్కాకి ఏమీ గుర్తులేదు. బహుశా ఆ సాయంత్రం వల ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తున్నాడేమో. ఆ సంగతి చెప్పుకోలేక మళ్లీ ఊఁ అనేవాడు.

కసి తీర్చుకోడానికి రైమోకి శనివారాలు దొరికాయి. శనివారం సాయంత్రం పెంత్తి ఇంటి రేవులో సౌనా, అంటే మెట్లమెట్ల బల్లలున్న చెక్కగదిలో ఆవిరిస్నానం. పెంత్తి, ఇల్కా, రైమో ముగ్గురూ ఒకే బడిలో చదివినవాళ్లు, ఒకే బెంచీ మీద కూర్చుని చెమట కార్చుకుంటున్నవాళ్లు. కాలిన రాళ్ల మీద నీళ్లు పోసే గరిటె రైమో చేతిలో ఉండేది. ఇల్కా పై మెట్టెక్కి కూర్చునేదాకా ఆగి, మర్యాదగా పోయాల్సిన దానికంటే ఒక గరిటె ఎక్కువ పోసేవాడు. ఆవిరి భగ్గుమని లేచి చెవులు కాల్చేది. "ఇది నా పడవకి" అనేవాడు రైమో. "చాలురా, దొంగవెధవా" అనేవాడు ఇల్కా. ఎనిమిదేళ్లుగా ఇదే తంతు. వారం మొత్తం మీద ఇల్కా మనసారా అనే మాట అదే.

అక్టోబరు మొదట్లో ఒక శనివారం. బంగాళదుంపలు తవ్వడం అయిపోయింది, దుప్పుల వేటకి తుపాకులు తుడుచుకుంటున్నారు. ఇల్కా పై మెట్టు మీద కూర్చుని, సౌనాలో అందరూ చేసినట్టే బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో వీపు చరుచుకుందామని చెయ్యి చాచాడు. కట్ట వేళ్లలోంచి జారి కింద పడింది. మళ్లీ తీయబోతే ఆ చెయ్యి తనది కానట్టుంది. కింది మెట్టు మీదున్న పెంత్తిని పిలుద్దామనుకున్నాడు. మనిషి తెలుసు, పేరు తెలుసు, ఆ పేరు నాలుక మీదికి మాత్రం రాలేదు.

ఏం జరుగుతోందో ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసు. మెదడులో ఎడమవైపు నాళానికి రక్తపు గడ్డ అడ్డుపడింది. కుడిచెయ్యి పోతుంది, మాట పోతుంది. గడ్డని కరిగించే మందుంది, అది పట్నంలో పెద్దాసుపత్రిలో ఉంది, ఎక్కించడానికి కొద్ది గంటలే గడువు. ఈలోగా ఆలస్యమైనకొద్దీ మెదడు చచ్చిపోతూ ఉంటుంది. ఎంతమందిని ఆయనే హెలికాప్టరెక్కించి పంపలేదు! పక్షవాతం వచ్చింది, హెలికాప్టర్ని పిలవండి. ఇంతే చెప్పాలి. బలమంతా కూడదీసుకుని నోరు తెరిచాడు.

"ఊఁ," అని వచ్చింది.

పెంత్తి కళ్లు తెరవకుండానే తలాడించాడు. "అవును, ఇవాళ ఆవిరి బాగా కుదిరింది."

"ఊఁ! ఊఁ!"

"అంత బాగుందా? కిందటి వారం కట్టెలు తడిసున్నాయి మరి."

అయ్యో ఖర్మ! ముప్ఫయ్యేళ్లు ఊఁ అని బతికినవాడు ఊఁ అంటూ చచ్చిపోతుంటే ఎవరికి తెలుస్తుంది? సౌనాలో ఒకళ్ల ఒళ్లు ఒకళ్లు తేరిపార చూసుకోవడం మా వైపు మర్యాద కాదు. మసకచీకట్లో ముగ్గురు ముసలాళ్లు దిసమొలతో, కళ్లు మూసుకుని, చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నారు. లేద్దామంటే కాలు బరువెక్కింది. ఇల్కాకి ఏడుపొచ్చింది. కన్నీళ్లూ చెమటా ఒకటై కారుతుంటే ఆ ఏడుపు కూడా ఎవరికీ కనపడలేదు.

అప్పుడు రైమో గరిటె ఎత్తాడు. ఒకటి పోశాడు, రెండు పోశాడు, మూడోది ఎత్తి కసిగా కుమ్మరించి, "ఇది నా పడవకి" అన్నాడు.

జవాబు లేదు.

రైమో చెవి రిక్కించాడు. ఇంకో గరిటె పోశాడు. పెంత్తి బూతులు తిడుతూ లేచి, తలుపు తోసుకుని బయటికి పరిగెత్తాడు. ఇల్కా కదల్లేదు.

"ఏరా, తిట్టవేం?" అన్నాడు రైమో. "అలిగావా? ఒరేయ్ డాక్టరూ!"

"ఊఁ."

"ఊఁ ఏమిట్రా నీ బొంద! తిట్టు! దొంగవెధవా అను!"

తెరిచిన తలుపులోంచి వెలుతురు పడి ఇల్కా మొహం కనపడింది. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. రైమో గరిటె విసిరేసి పెంత్తిని కేకేశాడు.

ఇద్దరూ కలిసి ఆయన్ని మోసుకొచ్చి రేవు చెక్కల మీద పడుకోబెట్టారు. పెంత్తి దుప్పట్ల కోసం ఇంట్లోకి పరిగెత్తాడు. రైమో తడిచేతుల్తో ఫోన్ అందుకుని అంబులెన్సు నంబరు నొక్కాడు.

"మనిషి మాట్లాడుతున్నాడా?" అని అవతలమ్మాయి అడిగింది.

"వాడెప్పుడు మాట్లాడాడు గనక!" అని అరిచాడు రైమో. "మాట్లాడకపోవడం కాదమ్మా, నన్ను తిట్టడం లేదు! నాలుగు గరిటెలు పోసినా తిట్టలేదు! మూతి పక్కకి పోయింది. తొందరగా పంపించు తల్లీ, ఆయన మా డాక్టరు!"

హెలికాప్టరు పెంత్తి బంగాళదుంపల చేలో దిగింది. నడుముకున్న ఒకే ఒక్క తువ్వాలు విప్పి, గాల్లో ఊపుతూ రైమోయే దానికి దారి చూపించాడు. మా ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ కాఫీ దగ్గర కూర్చుంటే ఆ ముచ్చట తీస్తారు.

మందు వేళకి పడింది. మర్నాటికల్లా కుడిచెయ్యి లేచింది, కాలు నిలబడింది. మాట మాత్రం లేవలేదు.

మంచం మీద పడుకుని చూస్తే డాక్టర్లు ఎంత పొడుగ్గా ఉంటారో ఇల్కాకి అరవై దాటాక తెలిసింది. ఆయన్ని చూస్తున్న డాక్టరు లెహ్తో చిన్నపిల్ల, కూతురి వయసుంటుంది, మెదడు జబ్బుల్లో దిట్ట అని పేరు. మంచం కాళ్ల దగ్గర నిలబడి, చేతిలోని తెర మీద స్కాను బొమ్మల్ని పైకీ కిందికీ జరుపుతూ చూసింది. కనుబొమలు ముడిచింది. మళ్లీ మొదటికెళ్లి చూసింది.

"ఊఁ..." అంది.

ఇల్కా గుండెల్లో రాయి పడింది. ఏమిటా ఊఁ? ఇంకో గడ్డా? లోపల రక్తం చిమ్మిందా? ఇక మాట రాదా? అడుగుదామంటే నోరు లేదు. తనూ ఊఁ అంటే, ఏదో ఒప్పుకున్నాడనుకుని వెళ్లిపోతుంది. ఆ పిల్ల మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచిస్తూ కూడా ఊఁ అని ఉండొచ్చు. ఆ రహస్యం ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? తెలిసి ఏం లాభం! "సాయంత్రం మళ్లీ వస్తాను" అని ఆమె గది దాటి వెళ్లిపోయింది.

ఆ కాస్సేపట్లో ఇల్కా తన వలలన్నీ పెంత్తికి ఇచ్చేశాడు. ఆరోగ్యకేంద్రంలో గది ఖాళీ చేసేశాడు. చలికాలంలో తన భార్య ఐలా ఒక్కతే వాకిట్లో మంచు ఎలా ఎత్తిపోసుకుంటుందని, ఇల్లమ్మేసి ఆమెకి పట్నంలో చిన్న ఫ్లాటు కొన్నాడు. అన్నీ మనసులోనే. ఫ్లాటు కిటికీలకి తెరలు ఎంచుతుండగా హఠాత్తుగా రైమో పడవ గుర్తొచ్చింది. ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. ఒక్క ఊఁకి తను ఇల్లే అమ్మేశాడు, పాపం రైమో పడవతోనే సరిపెట్టుకున్నాడు! తన దాకా వస్తే గానీ తెలియదంటారు, ఇదే కాబోలు. సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

ఐలా కిటికీ దగ్గర మేజోడు అల్లుకుంటూ ఇదంతా చూస్తూనే ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆయన ఊఁలన్నిటికీ అర్థాలు కట్టి పెట్టుకుంది. కాఫీ కావాలనే ఊఁ, నిద్రొస్తోందనే ఊఁ, మీ అక్క ఎప్పుడు వెళ్తుందనే ఊఁ.

"ఊఁ," అన్నాడు ఇల్కా దుప్పటి లోంచి.

"ఇది నాకు కొత్త," అంది ఐలా. అల్లిక పక్కన పెట్టి వచ్చి దుప్పటి లాగింది. "ఇల్కా, నువ్వు భయపడుతున్నావా?"

ఆయన తలూపాడు. కళ్లమ్మట బొటబొటా నీళ్లు కారాయి. ముప్ఫయ్యేళ్లలో భార్య ముందు ఆయన ఏడవడం అదే మొదలు.

ఐలా నడవాలోకి వెళ్లి, డాక్టరు లెహ్తోని రెక్క పట్టుకు లాక్కొచ్చినంత పని చేసింది.

"ఇందాక మీరు ఊఁ అన్నారు. ఏమనుకుని అన్నారో ఆయనకి చెప్పండి."

"నేనా? ఊఁ అన్నానా?" ఆ పిల్ల తెల్లబోయింది. "స్కాను చాలా బాగుంది. గడ్డ మొత్తం కరిగిపోయింది. ఇంత శుభ్రంగా ఎలా కరిగిందా అని ఆశ్చర్యమేసింది, అంతే."

"ఆ ముక్క ఆయనతో అనకూడదా మరి?"

"ఆయన డాక్టరు కదా, ఆయనకి చెప్పేదేముంది, చూస్తే తెలిసిపోతుందనుకున్నాను."

"ఏం చూస్తే? ఆ తెర మీ వైపు తిరిగుంది. ఆయనకి కనపడింది మీ కనుబొమలే," అంది ఐలా.

డాక్టరు లెహ్తో చెవులదాకా ఎర్రబడింది. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. తెర ఆయన వైపు తిప్పింది. "ఇదిగో, ఇక్కడుండేది గడ్డ, ఇప్పుడు లేదు. మాట తిరిగొస్తుంది. మొత్తం వస్తుందా, కొంత వస్తుందా అని అడిగితే ఇవాళ చెప్పలేను. వస్తుందని మాత్రం చెప్పగలను. రోజూ కష్టపడాలి."

అమ్మయ్య! ఇల్కాకి ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. కొత్త సంగతి ఒక్కటీ చెప్పలేదామె, వైద్యం కూడా కొత్తగా ఏమీ చేయలేదు. మనసులో ఉన్నది పైకి అంది, అంతే. ఆ సాయంత్రం ఆసుపత్రి వాళ్ల ఉప్పులేని ఓట్సు జావ కూడా ఆయనకి పండగ భోజనంలా ఉంది.

ఇంటికైతే వచ్చాడు. కానీ నోరు లేని డాక్టర్ని రోగుల దగ్గరికి ఎవరు రానిస్తారు? మాట నిలబడిందని పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి తేలిస్తే తప్ప ఆయన గది తలుపు తెరుచుకోదు. ఆ గదిలో కుర్చీ తప్ప ఇల్కాకి వేరే బతుకు తెలియదు. వారానికోసారి కైసు అనే అమ్మాయి మాటలు నేర్పడానికి వచ్చేది. పిల్లి బొమ్మ చూపించేది. ఊఁ. రొట్టె బొమ్మ చూపించేది. ఊఁ. లోపల పిల్లి ఉంది, రొట్టె ఉంది, వాటి పేర్లూ ఉన్నాయి, తలుపు దగ్గరికొచ్చేసరికి అన్నీ ఊఁ అయిపోయేవి. కైసు వెళ్లాక ఆయన పొయ్యిలోకి బొమ్మలు విసిరేయబోతే ఐలా పట్టుకునేది.

ఊరివాళ్లు రోజూ వచ్చారు, కాదనను. కెరేలియా రొట్టెలు తెచ్చారు, పొగపెట్టిన చేపలు తెచ్చారు. తెచ్చి, బల్ల మీద పెట్టి, నోరు మెదపకుండా కాఫీ తాగి వెళ్లారు. మామూలుగానే పొదుపు, అందులో మాట పోయినవాడి ముందు మాట్లాడితే ఎక్కడ నొచ్చుకుంటాడోనని మరీ బిగబట్టుకున్నారు. నవంబరంతా ఆ ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప వినపడలేదు.

ఒక రోజు పొద్దున్నే రైమో దూసుకొచ్చాడు. చుట్టూ చూశాడు. "ఇదేమైనా శవజాగారమా?" అన్నాడు. "లే, కోటు వేసుకో."

"ఊఁ?"

"మా కొట్టంలోకి. పడవ కడుతున్నాను. నీ మూలంగా పోయిన పడవ, నీ ఎదురుగానే కట్టుకుంటాను. నువ్వు పనేం చెయ్యక్కర్లేదు, ఓ మూల కూర్చుని సిగ్గుపడు చాలు."

ఐలా పకపకా నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది.

ఆ రోజు నుంచీ ఇల్కా రోజూ కొట్టంలో కూర్చున్నాడు. రైమో పలక చెక్కుతూ వాగుతూనే ఉండేవాడు. తను బస్సు నడిపిన రోజులు, బస్సులో నిద్రపోయి చివరి స్టాపుదాకా వచ్చిన పాదిరిగారి కథ, పైన్ చెక్కకీ స్ప్రూస్ చెక్కకీ తేడా, అన్నీ. జవాబు కోసం ఆగేవాడు కాదు, జాలిపడి గొంతు తగ్గించేవాడూ కాదు. ఇల్కాకి తను జబ్బుమనిషినన్న సంగతి అక్కడే కాస్త మరుపుకొచ్చేది.

క్రిస్మస్ ముందు ఒక పొద్దున రైమో కాఫీ పోసిచ్చాడు. ఇల్కా పుట్టిన దగ్గర్నుంచీ కాఫీలో చక్కెర వేసుకోడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. రైమో చక్కెర డబ్బా తీశాడు. ఇల్కా కప్పులో ఒక చెంచా వేశాడు. ఇల్కా కళ్లెర్రజేశాడు. రైమో రెండో చెంచా వేశాడు. ఇల్కా చెయ్యి అడ్డం పెట్టాడు. రైమో ఆ చెయ్యి మర్యాదగా పక్కకి తీసి, కళ్లలోకి చూస్తూ మూడో చెంచా ఎత్తాడు.

"ఇది నా పడవకి."

"చాలురా!" అన్నాడు ఇల్కా.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. చెంచా రైమో చేతిలోనే ఉంది. అతను దాన్ని మెల్లిగా వంచి, ఉన్నదంతా కప్పులో పోశాడు.

"దొంగవెధవా!"

రైమో చెంచా పారేసి, ఆ ముసలి మోకాళ్లతో పడవ చుట్టూ గెంతాడు. "తిట్టాడు! ఐలా! వీడు నన్ను తిట్టాడు!" అని అరుచుకుంటూ మంచులో పడి డాక్టరింటికి పరిగెత్తాడు. ఇల్కా ఒక్కడే కూర్చుని, "చాలు, చాలు, చాలు" అనుకుంటూ ఆ పానకం మొత్తం తాగేశాడు. పిల్లి కంటే, రొట్టె కంటే ముందు తిట్టే తిరిగొస్తుందని, అలవాటు పడ్డ మాటలు మెదడులో వేరే గూట్లో ఉంటాయని కైసు తర్వాత చెప్పింది. ఇల్కాకి అది తెలుసు. రోగులకి చెప్పిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు.

అక్కణ్నుంచి పాత కుళాయి విప్పినట్టే అయింది, ముందు గాలి, తర్వాత చుక్క, ఆ తర్వాత సన్నటి ధార. పడవకి పలకలు ఎక్కినకొద్దీ ఇల్కాకి మాటలెక్కాయి. మేకు. సుత్తి. ఐలా. ఈ పలక వంకరగా ఉంది. "నీ బుద్ధి కంటే తిన్నగానే ఉంది" అనేవాడు రైమో. ఏప్రిల్లో పెద్దాసుపత్రిలో రోజంతా పరీక్ష పెట్టారు. నెమ్మది, తడబాటు ఉంది, అర్థం తప్పడం లేదు, రోజుకో పూట కొద్దిమందిని చూడొచ్చు అన్నారు. సరస్సు మీద మంచుగడ్డ విడిపోయిన వారంలో ఇల్కా తన గదిలో అడుగుపెట్టాడు. రోగి కూర్చునే కుర్చీ దూరంగా గోడవార ఉండేది. దాన్ని తెచ్చి తన కుర్చీ పక్కన వేసుకున్నాడు.

మొదటి పొద్దున వచ్చినవాళ్లలో చివరివాడు రైమో.

వచ్చి కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. అది చూసి ఇల్కా కంప్యూటరు వదిలి అతని వైపు తిరిగాడు.

"ఏ... ఏమైంది?"

"దగ్గు," అన్నాడు రైమో నేల చూపులు చూస్తూ. "మెట్లెక్కితే ఆయాసం. మా అన్నకి కూడా ఇలాగే..." ఆగిపోయాడు. "ఎవరికీ చెప్పలేదు. శనివారం పడవ నీళ్లలో దించుదామనుకున్నాం కదా. దించాలో, ఎవరికైనా ఇచ్చెయ్యాలో తేల్చుకుందామని వచ్చాను."

చొక్కా గుండీలు విప్పాడు.

ఇల్కా స్టెతస్కోపు ఆనించాడు. ముందు విన్నాడు, వెనక విన్నాడు. గుండె భయంతో పరిగెడుతోంది గానీ చప్పుడులో వంక లేదు. ఊపిరి గొట్టాల్లో సన్నటి ఈల వినపడింది. తలుపులు బిగించిన కొట్టంలో వారాల తరబడి తారు కాచి పడవకి పూసినవాడికి ఆ మాత్రం ఈల రాకేం చేస్తుంది? ఇంతేనా! ఇల్కా మనసు దూదిపింజలా తేలింది. కిటికీ అవతల సరస్సు మీద ఎండ పడుతోంది. అలవాటు కొద్దీ గొంతులోంచి ఊఁ ఒకటి బయల్దేరింది. పళ్లు బిగించి దాన్ని ఆపాడు.

ఆపాడు గానీ, దాని బదులు రావాల్సిన మాట రాలేదు. బాగుంది అనాలి. పొద్దున్నుంచీ ఎంతమందికి చెప్పలేదు! అదిప్పుడు ఎక్కడో ఇరుక్కుంది. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

రైమో ఆ నోటి వంకే చూస్తున్నాడు. మొహంలో రంగు దిగిపోయింది. "ఫర్లేదురా," అన్నాడు నెమ్మదిగా. "ఊఁ అనేసెయ్. నాకర్థమైంది."

"కాదు!" అన్నాడు ఇల్కా.

ఆ ఒక్కటే ఊడిపడింది. మిగతాది రాక, స్టెతస్కోపు తన చెవుల్లోంచి లాగి రైమో చెవులకి తగిలించాడు. బిళ్ల తెచ్చి రైమో గుండె మీదే పెట్టి పట్టుకున్నాడు. రైమో కళ్లు పెద్దవి చేసుకుని తన గుండె తనే విన్నాడు. ఇల్కా పక్క కుర్చీలో కూర్చుని, కైసు నేర్పినట్టు, తొందరపడకుండా ఊపిరి తీసుకున్నాడు.

"గుండె... బాగుంది. ఊపిరి... బాగుంది."

"ఏమిటీ?" అని అరిచాడు రైమో, చెవుల్లో గొట్టాలతో. వాటిని పీకి పారేశాడు. "ఏమన్నావు? మళ్లీ చెప్పు!"

"గుండె బాగుంది. ఇది... తారు పొగ. కొట్టం తలుపు... తెరిచి పెట్టు. తగ్గిపోతుంది."

"మరి ఎక్స్‌రే?"

"తీద్దాం. తీసినా... ఇదే మాట."

"ఒట్టు?"

ఇల్కా అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి మాట ఎక్కడా తడబడలేదు.

"పడవ అమ్మకు."

రైమో చొక్కాలో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ ఇల్కా వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఈ ముక్క చెప్పడానికి ఎన్నేళ్లు పట్టిందిరా నీకు, దొంగవెధవా!"

"ఊఁ," అన్నాడు ఇల్కా.